బెల్జియం మిడ్‌ఫీల్డర్లలో మొదటి పేరు బోస్మన్‌దే

2025 వేసవిలో మాంచెస్టర్ సిటీతో ఒప్పందం ముగిశాక బెల్జియం మిడ్‌ఫీల్డర్ (మైదానం మధ్యలో ఆడే ఆటగాడు) కెవిన్ డి బ్రూయ్న ఇటలీలోని నాపోలీకి వెళ్లాడు. బదిలీ రుసుము కింద సిటీకి ఒక్క యూరో కూడా ముట్టలేదు. అంతకు రెండేళ్ల ముందు మరో బెల్జియం మిడ్‌ఫీల్డర్ యూరి టీలెమన్స్ కూడా లెస్టర్ సిటీ నుంచి ఆస్టన్ విల్లాకు అలాగే వెళ్లాడు. ఒప్పందం తీరిన ఆటగాడు తనకు నచ్చిన చోటికి వెళ్లడం నేటి అభిమానికి ఎంత సహజంగా కనిపిస్తుందంటే, అది ఒకప్పుడు నేరంతో సమానమని చెబితే నమ్మడం కష్టం. 2018 ప్రపంచ కప్‌లో మూడో స్థానం సాధించిన ‘బంగారు తరం’లో ఎవరు గొప్ప అన్న చర్చ బెల్జియం ఫుట్‌బాల్‌ను ఇష్టపడేవారిలో ఇప్పటికీ సాగుతూనే ఉంది. నా దృష్టిలో ఆ దేశపు మిడ్‌ఫీల్డర్లలో మొదటి స్థానం సీనియర్ జాతీయ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడని జాన్-మార్క్ బోస్మన్‌ది.

బోస్మన్ 1964లో బెల్జియంలోని లియెజ్ నగరంలో పుట్టాడు. బెల్జియం యువ జట్టుకు నాయకత్వం వహించాడు, స్టాండర్డ్ లియెజ్‌కు ఆడాడు, 1988లో అదే నగరంలోని ఆర్‌ఎఫ్‌సీ లియెజ్‌కు మారాడు. 1990 జూన్ 30న ఒప్పందం ముగియబోతుండగా క్లబ్బు కొత్త ప్రతిపాదన చేసింది: నెలకు సగటున 1,20,000 బెల్జియం ఫ్రాంకులు వచ్చే జీతం ఇకపై 30,000. బెల్జియం ఫుట్‌బాల్ సంఘం నిబంధనలు అనుమతించే కనీస వేతనం అదే. బోస్మన్ ఒప్పుకోలేదు. ఒప్పందం తీరినా, కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు రుసుము కడితేనే ఆటగాడు కదలగలిగే రోజులవి. దాంతో ఆయన పేరు బదిలీ జాబితాలోకి ఎక్కింది, 1,17,43,000 ఫ్రాంకుల ధర పడింది. జీతం ఇవ్వడానికి వచ్చేసరికి నాలుగో వంతుకు దిగజారిన మనిషి, అమ్మడానికి వచ్చేసరికి కోటికి పైగా పలికే సరుకయ్యాడు. ఈ రెండు లెక్కలూ వేసింది ఒకే క్లబ్బు. ఆనాటి వ్యవస్థ అన్యాయాన్ని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి నాకు తెలియదు.

ఫ్రాన్స్ రెండో డివిజన్‌లోని డంకర్క్ ఆయనను తీసుకోవడానికి ముందుకొచ్చింది. ఒక ఏడాది పాటు ఆయనను అరువివ్వడానికి 12 లక్షల ఫ్రాంకుల మీద క్లబ్బుల మధ్య బేరం కూడా కుదిరింది. అయితే డంకర్క్‌కు అంత చెల్లించే స్తోమత ఉందా అని లియెజ్ అనుమానించింది. బదిలీ ధ్రువపత్రం పంపమని సంఘాన్ని కోరలేదు. పత్రం లేక ఒప్పందం రద్దయింది. జులై 31న క్లబ్బు ఆయనను సస్పెండ్ చేయించి, ఆ సీజన్ అంతా ఆడే దారి మూసింది. ఏ ఒప్పందమూ ఉల్లంఘించని 25 ఏళ్ల యువకుడికి పడిన శిక్ష ఇది. ఆగస్టు 8న ఆయన న్యాయస్థానం మెట్లెక్కాడు. డి బ్రూయ్న అప్పటికింకా పుట్టలేదు.

తీర్పు రావడానికి అయిదేళ్లకు పైగా పట్టింది. 1995 డిసెంబర్ 15న లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం, కార్మికులకు స్వేచ్ఛగా ఉద్యోగం మారే హక్కునిచ్చే యూరప్ దేశాల మధ్య కుదిరిన రోమ్ ఒప్పందంలోని 48వ అధికరణం ఫుట్‌బాల్ ఆటగాళ్లకూ వర్తిస్తుందని తేల్చింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు మరో సభ్యదేశపు క్లబ్బుకు వెళితే రుసుము అడగకూడదు. యూరోపియన్ యూనియన్ పౌరులను విదేశీయులుగా లెక్కగట్టి జట్టులో వారి సంఖ్యను పరిమితం చేయకూడదు. అప్పటికి బోస్మన్‌కు 31 ఏళ్లు. మిడ్‌ఫీల్డర్‌గా పరిణతి సాధించాల్సిన ఏళ్లన్నీ ఫ్రాన్స్ కింది స్థాయి జట్లలో, రీయూనియన్ ద్వీపంలో, బెల్జియంలోనే షార్లెరోయి నగరంలోని చిన్న క్లబ్బులో గడిచిపోయాయి.

ఈ తీర్పు చిన్న క్లబ్బుల నడ్డి విరిచిందని వాదించేవారున్నారు. 1995లో యూరప్ విజేతగా నిలిచిన నెదర్లాండ్స్ క్లబ్బు అయాక్స్ నుంచి డేవిడ్స్, రైజిగర్, క్లైవర్ట్ రెండేళ్లలోనే ఉచితంగా ఇటలీ క్లబ్బు మిలాన్‌కు తరలిపోయిన మాట నిజమే. కానీ పాత నిబంధనలు కూడా మేటి ఆటగాళ్లు సంపన్న క్లబ్బులకు చేరకుండా ఆపలేకపోయాయని న్యాయస్థానమే ఆ తీర్పులో గుర్తుచేసింది. యువ ఆటగాళ్లను తయారుచేసిన క్లబ్బులకు పరిహారం ఇచ్చే పద్ధతిని ఫిఫా 2001లో తెచ్చింది. ఆటగాణ్ని కట్టిపడేయకుండానే చేయగలిగిన ఆ పనిని అంతకుముందే ఎందుకు చేయలేదు?

అసలు ప్రశ్న ఫుట్‌బాల్ కన్నా పెద్దది. ఆటల సమాఖ్యలు ‘క్రీడ ప్రత్యేకమైనది’ అన్న మాటను అడ్డుపెట్టుకుని, మరే యజమానీ కలలోనైనా కోరలేని అధికారాన్ని దశాబ్దాలుగా అనుభవించాయి. ఇంగ్లండ్‌లో ఆటగాడు జార్జ్ ఈస్తమ్ తన క్లబ్బు న్యూకాజిల్ మీద వేసిన కేసులో, ఒప్పందం తీరినా ఆటగాణ్ని అట్టిపెట్టుకునే పద్ధతి అక్రమమని 1963లోనే హైకోర్టు చెప్పింది. అయినా బోస్మన్ మళ్లీ మొదటినుంచి పోరాడాల్సి వచ్చింది. 2024 అక్టోబర్ 4న ఫ్రాన్స్ ఆటగాడు లసానా డియారా కేసులోనూ, మధ్యలో ఒప్పందం తెంచుకున్న ఆటగాణ్ని చేర్చుకునే కొత్త క్లబ్బును కూడా పరిహారానికి బాధ్యురాలిని చేసే ఫిఫా నిబంధనలు యూరోపియన్ చట్టానికి విరుద్ధమని అదే లక్సెంబర్గ్ న్యాయస్థానం తేల్చింది. ఆ నిబంధనల భయంతో వెనక్కి తగ్గిన క్లబ్బు కూడా బెల్జియందే, షార్లెరోయి. డియారా తరఫున నిలిచిన జాన్-లూయీ డ్యూపోన్ ఒకప్పటి బోస్మన్ న్యాయవాది. సమాఖ్యలు తమంతట తాము ఇచ్చిన హక్కు ఈ చరిత్రలో నాకు ఒక్కటీ కనిపించదు. ప్రతిదానికీ ఎవరో ఒక ఆటగాడు తన కెరీర్‌ను పణంగా పెట్టాల్సి వచ్చింది.

బోస్మన్ తరువాతి జీవితం విషాదం. మద్యానికి బానిసయ్యాడు, కుంగుబాటుకు లోనయ్యాడు, ఒక దాడి కేసులో జైలుశిక్ష కూడా పడింది. ఆ నేరాన్ని నేను సమర్థించను. కానీ ఆయన గెలిచిన హక్కుతో మూడు దశాబ్దాలుగా ఎందరో కోట్లు గడించారు, అదే సమయంలో ఆయన సామాజిక భృతి మీద బతకాల్సి వచ్చింది. నేడు ప్రతి అంతర్జాతీయ బదిలీ రుసుములో 5 శాతాన్ని ఆటగాణ్ని తీర్చిదిద్దిన క్లబ్బులకు పంచాలన్న నిబంధన ఫిఫా పుస్తకంలో ఉంది. రుసుము లేకుండా క్లబ్బు మారే ఆటగాళ్లు అందుకునే సంతకం బోనస్‌లోనూ ఒక చిన్న భాగాన్ని పక్కన పెట్టించి, హక్కుల కోసం కోర్టుకెక్కి కెరీర్ పోగొట్టుకున్నవారికి జీవితాంతం పింఛను ఇవ్వాలి. ఆ జాబితాలో మొదటి పేరు లియెజ్‌కు చెందిన ఈ మిడ్‌ఫీల్డర్‌దే కావాలి.