డెబ్బై రెండో వంతు మురికి

మురికిని గౌరవించడం మన దేశంలో ఎవరికీ చేతకాదు. దాన్ని వదిలించడానికి పొడులున్నాయి, ద్రవాలున్నాయి, ఏకంగా ఒక జాతీయ పథకమే ఉంది. మురికిని శ్రద్ధగా, ఓపిగ్గా, చరిత్రకు విరుద్ధం కాకుండా తయారుచేసే మనిషికి మాత్రం సొంత ఇంట్లో ఒక బల్ల కూడా లేదు. డైనింగ్ టేబుల్‌లో మూడోవంతు, అదీ భోజనాల వేళలు మినహాయించి. ఆ బాధితుల్లో ఒకణ్ని కాబట్టి ఈ అన్యాయం మీద నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

నేను నీటి విమానాలకు నమూనాలు చేస్తాను. 1/72 స్కేల్, అంటే అసలు విమానంలో డెబ్బై రెండో వంతు. ఈ విమానాల్లో రెండు తెగలున్నాయి. పడవల్లాంటి ఫ్లోట్లు కాళ్లకు తొడుక్కుని నీళ్ల మీద నిలబడేవి ఒకటి, పొట్టతో నేరుగా నీళ్లలో కూర్చునేవి రెండోది. ఈ రెండోదాన్నే ఎగిరే పడవ అంటారు. ఒకదాన్ని పట్టుకుని రెండోదని పిలిచినవాళ్లతో మేము పెళ్లిళ్లలో ఒకే పంక్తిలో కూర్చోం.

2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ప్రయోగాత్మకంగా ఎగిరినప్పుడు ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. మా ఆవిడ ముఖ్యమంత్రిని చూసింది, పిల్లలు కృష్ణను చూశారు, నేను ఫ్లోట్లను విమానానికి బిగించే కడ్డీలను చూశాను. చూశానంటే, చూడబోయాను. కెమెరా సరిగ్గా అక్కడిదాకా వచ్చి నాయకుల మీదకు తిరిగిపోయింది. పౌరుడిగా నాకు ఎవరిమీదా కోపం లేదు. కానీ ఆరోజు ఎగిరిన ట్విన్ ఓటర్ విమానం వెనక కడ్డీ ఏ కోణంలో ఒరిగి ఉంటుందో చూపించని ప్రత్యక్ష ప్రసారం వల్ల ప్రజలకు ఒరిగేదేమిటి?

నా విమానాలు ఎగరవు కదా అని వెక్కిరించేవాళ్లకు కొంచెం చరిత్ర చెబుతాను. గుజరాత్‌లో 2020 అక్టోబర్ 31న సబర్మతి నుంచి ఐక్యతా విగ్రహం దాకా సీప్లేన్ సర్వీసు మొదలైంది. మధ్యలో మరమ్మతుకని మాల్దీవులకు వెళ్లొచ్చింది, కొన్ని నెలలకు ఆగిపోయింది. అమెరికాలో హోవర్డ్ హ్యూస్ అనే కోటీశ్వరుడు కట్టించిన చెక్క ఎగిరే పడవ రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 320 అడుగులు. అది 1947 నవంబర్ 2న సుమారు ఒక మైలు ఎగిరి, మళ్లీ జన్మలో ఎగరలేదు. అంతంత ఖర్చు పెట్టి వాళ్లు చేరుకున్న స్థితిని నేను మొదటిరోజు నుంచీ నిలబెట్టుకుంటూ వస్తున్నాను. (ఆ హ్యూస్ విమానం 1/72లో 135 సెంటీమీటర్లు వస్తుంది. ఈ సంగతి మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. టీవీ ఉన్న గోడ కొలిచి చూశాను, అంతే.)

డబ్బు మాట వచ్చింది కాబట్టి కొత్తగా ఈ దారి పట్టేవాళ్లకు ఒక సలహా. కిట్ (నమూనా ముక్కలుండే పెట్టె) ధర ఇంట్లో చెప్పేటప్పుడు కూడా స్కేల్ పాటించండి. ఏడు వేల రెండు వందలైతే వంద అని చెప్పండి. ఇది అబద్ధం కిందకు రాదు.

ఈ మురికి వివాదానికి కారణమైన విమానం కాటలీనా. 1935లో మొదటిసారి ఎగిరిన అమెరికా ఎగిరే పడవ. రెక్కలు 104 అడుగులు, నా బల్ల మీద 44 సెంటీమీటర్లు. దాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, 1942 ఏప్రిల్ 4న సింహళం దిక్కుగా వస్తున్న జపాన్ నౌకాదళాన్ని ముందుగా కనిపెట్టింది కెనడా వాళ్ల కాటలీనా ఒకటి. వైర్‌లెస్‌లో కబురు పంపుతుండగానే దాన్ని కూల్చేశారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. మా అత్తయ్యగారిది కాకినాడ. వాళ్ల నాన్నగారు రాత్రికి రాత్రి బండి కట్టించి, ఆవకాయ జాడీలతో సహా కుటుంబాన్ని పల్లెకు తరలించిన కథ ఆవిడ ఇప్పటికీ చెబుతారు. కాబట్టి కాటలీనా మా ఇంటి వ్యవహారమని వాదించాను. ఆ వాదనకు అనుమతి దొరకలేదు. కొనేశాక క్షమాభిక్ష దొరికింది.

నాది మద్రాసు కాటలీనా. యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళం వాటిని మద్రాసు పక్కన రెడ్‌హిల్స్ చెరువులో ఉంచేది. మన దిక్కున ఎగిరే బ్రిటిష్ విమానాల గుర్తులో మధ్యనుండే ఎర్రచుక్కను అప్పట్లో తీసేశారు, జపాన్ సూర్యుడనుకుని సొంతవాళ్లే కాల్చేస్తారని. ఆ ఎర్రచుక్క లేని డెకాల్స్, అంటే విమానం మీద అతికించే గుర్తుల కోసం నాలుగు నెలలు ఎదురుచూశాను. వాటిని అతికించే ముందు గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టాలి. నీటి విమానం నమూనాకు జీవితంలో నీళ్లతో పడే పరిచయం ఆ గిన్నెడే. అంతకుమించి పడకూడదు. అలలూ తుంపర్లూ కలిపి కింద చెరువు కూడా చేద్దామనుకున్నవాళ్లందరికీ తెలిసిన నిజం ఒకటుంది: నీళ్లు స్కేల్‌కు లొంగవు. ఒక నిజం చుక్క రెక్క మీద పడిందంటే, ఆ లోకంలో అది బిందెంత.

కాటలీనా పొట్టలో సిబ్బందికి పడకలూ, వంటకు చిన్న పొయ్యీ ఉండేవి. ఉండాలి మరి. యుద్ధం రోజుల్లో క్వాంటాస్ విమాన సంస్థ వాళ్లు ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి సింహళంలోని కొగ్గల సరస్సు దాకా వీటిని ఎక్కడా ఆపకుండా నడిపారు. 27 గంటల నుంచి 33 గంటల ప్రయాణం. ఎక్కినవాళ్లు దిగేలోగా రెండు సూర్యోదయాలు చూసేవాళ్లు. ఆ పొయ్యి చేయడానికి నేను పదకొండు సూర్యోదయాలు చూశాను. కందిగింజంత పొయ్యి. దానిమీద ఒక గిన్నె. అంతా అయ్యాక పొట్ట రెండు సగాలనూ కలిపి అతికించేశాను. ఇక ఈ యుగంలో దాన్నెవరూ చూడలేరు.

"కనిపించనిదానికి ఎందుకండీ అంత కష్టం?" అంది మా ఆవిడ.

గుళ్లో మూలవిరాట్టు పీఠం కింద పెట్టే యంత్రం కూడా ఎవరికీ కనిపించదని గంభీరంగా చెప్పాను.

"మన స్టవ్ రెండో బర్నర్ వెలగక నెల్లాళ్లయింది. అది మాత్రం అందరికీ కనిపిస్తోంది" అంది.

ఇలాంటి వాతావరణంలోనే కళ బతకాలి. పొట్ట అడుగున ఒక మెట్టు ఉంటుంది. నీళ్లు పొట్టను జిగురులా పట్టుకుంటాయి, ఆ పట్టు తెగాలంటే మెట్టు అంచు పదునుగా ఉండాలి. అతుకు కనపడకుండా సాన్‌పేపర్ రుద్దుతున్నప్పుడు చెయ్యి కాస్త జారి అంచు గుండ్రమైతే, ఆ విమానం ఏ చెరువులోంచీ లేవదు. నాది ఎలాగూ లేవదని నాకూ తెలుసు. కానీ అది లేవకపోవడానికి కారణం నా నిర్లక్ష్యం కాకూడదు.

ఇవన్నీ తనిఖీ చేయడానికి మాస్టారున్నారు. రిటైరైన లెక్కల టీచరు, ప్రస్తుతం విమానం రేకులను బిగించే రివెట్లు లెక్కపెడుతుంటారు. పాత కిట్ల మీద రివెట్లు ఉబ్బెత్తుగా ఉంటాయి. అర మిల్లీమీటరు రివెట్‌ను డెబ్బై రెండుతో హెచ్చించి, "అంటే అసలు విమానమంతా నిమ్మకాయలు అంటించారన్నమాట" అని ఆయన చెప్పినరోజు నేను మొత్తం రివెట్లు అరగదీసి మళ్లీ సూదితో పొడిచాను. ఆయన ఒక పని చూసి "పర్లేదు" అంటే అది పద్మశ్రీ. ఇంతవరకూ నాకు రాలేదు.

ఇక అసలు విషయం, మురికి. కొత్త విమానంలా మెరిసే నమూనా పిల్లల బొమ్మ కిందే లెక్క. ఇంజను పొగ మసి పట్టాలి, మనుషులు నడిచేచోట రంగు అరగాలి, నీటిమట్టం దగ్గర తెల్లటి చార కట్టాలి. ఆ చార దగ్గరే నా జీవితం మూడు నెలలు ఆగిపోయింది.

మాది నిజాంపేటలో అపార్ట్‌మెంటు. బోరు నీళ్లు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, బాగా ఎక్కువ. బకెట్లకు తెల్లపొర, కుళాయిలకు సున్నపు గడ్డం, స్నానాలగది అద్దంలో చూసుకుంటే ఎవరికైనా విభూతి పూసినట్టే ఉంటుంది. ప్రతి ఆదివారం మా ఆవిడ నిమ్మచెక్కా వెనిగరూ పట్టుకుని ఆ మరకలతో యుద్ధం చేస్తుంది. అదే ఆదివారం, నాలుగు గజాల దూరంలో, సరిగ్గా అలాంటి మరకే తెప్పించడానికి విదేశీ సీసాలు ముందేసుకుని నేను కూర్చుంటాను. ఆమె వైపు ఖర్చు ఇరవై రూపాయలు. నా వైపు ఖర్చు, స్కేల్ ప్రకారం, ముప్పై.

పౌడర్లు అద్దాను. ఆయిల్ పెయింట్ పలచగా కలిపి కిందికి గీశాను. వెండిరంగు వేసి, తడిపి, రాళ్లుప్పు చల్లి, మీద బూడిదరంగు కొట్టి, ఆరాక ఉప్పు దులిపేస్తే రంగు పెచ్చులూడినట్టు వస్తుంది. అది బాగానే కుదిరింది. చార మాత్రం ఒకసారి ముగ్గు చల్లినట్టు వచ్చింది, ఒకసారి రోడ్డు పక్క సున్నం కొట్టిన చెట్టు మొదలులా వచ్చింది. చివరికి సన్న ఉప్పు నూరి, తెల్ల పౌడర్‌తో కలిపి, పిల్లిమీసమంత కుంచెతో ఒక్కో గీతా గీసి మాస్టారిని పిలిచాను.

ఆయన భూతద్దం పెట్టి చూసి, "ఏ చెరువు విమానమన్నారు ఇది?" అన్నారు.

"రెడ్‌హిల్స్, మాస్టారూ."

"అది మంచినీళ్ల చెరువు కదండీ. మద్రాసు జనం తాగే నీళ్లు. ఉప్పు చారలెక్కణ్నుంచి వచ్చాయి?"

గస్తీ సముద్రం మీదే కదా, ఓడ మునిగినవాళ్లను ఎక్కించుకోవడానికి అప్పుడప్పుడు సముద్రంలోనూ దిగేవి కదా అని వాదించాను. "దిగినా మళ్లీ వచ్చి చెరువులోనే వాలుతుంది. ఉప్పు కడుక్కుపోదూ?" అని కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు నిద్రలేదు. మూడు నెలలు పడ్డ కష్టమంతా తప్పు నీళ్ల కోసం పడ్డాను.

దసరాకు అత్తయ్యగారు వచ్చారు. ఒకరోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి ఇల్లంతా ఫినాయిల్ వాసన.

"మీ విమానం ఎంత మట్టి కొట్టుకుపోయిందో బాబూ, చూళ్లేకపోయానండి. తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచి బాల్కనీలో ఎండకి పెట్టాను. కొన్ని మసి మరకలు వదల్లేదు. వెనిగర్ పెడదామంటే అమ్మాయి వద్దంది" అన్నారు.

అత్తయ్యగారి ముందు అల్లుడు ఏడవడం మా వైపు ఆచారం కాదు. స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి వంక చూస్తూ కాసేపు కూర్చున్నాను. తర్వాత బాల్కనీలోకి వెళ్లాను. వార్నిష్ కింద ఉన్న రంగు భద్రంగా ఉంది. పైన గీసుకున్న నా ఉప్పంతా పోయింది. దాని బదులు అక్కడ ఇంకేదో ఉంది. ఏమిటో ఆ చీకట్లో అర్థం కాలేదు, చూసే ఓపికా లేదు.

మూడో రోజు మాస్టారు వచ్చారు. దాచే టైం లేకపోయింది. భూతద్దం తీశారు. ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడలేదు.

"ఇది ఉప్పు కాదు" అన్నారు చివరికి. "సున్నం. గట్టి నీళ్లు ఆరిపోతే వచ్చే చార. నీటిమట్టం దగ్గర మందం, పైకి పోనుపోను పలచన. నెలల తరబడి చెరువులో నానిన పొట్ట ఇలాగే ఉంటుంది. ఏ కంపెనీది వాడారు?"

"లోకల్ సరుకే, మాస్టారూ. టీడీఎస్ పన్నెండు వందలు."

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ అంకె రాసుకున్నారు. గుమ్మం దాకా వెళ్లి, చెప్పుల్లో కాళ్లు పెడుతూ, నా వైపు చూడకుండా "పర్లేదు" అన్నారు.

ఇంత జరిగాక మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ చేసిన పని చూడండి. బోరు నీళ్లలో సున్నం తీసేసే సాఫ్టెనర్ ప్లాంటు పెట్టాలని తీర్మానం తెచ్చారు. నలభై ఏడు ఫ్లాట్లు అనుకూలం. వ్యతిరేకం ఒకటి. వ్యతిరేకించినవాళ్లు కారణం రాయాలన్నారు. "చారిత్రకం" అని రాసి సంతకం పెట్టాను. సెక్రటరీగారు అప్పట్నుంచీ లిఫ్టులో నాతో మాట్లాడడం లేదు. నా పక్కనే కూర్చున్న మా ఆవిడ చెయ్యెత్తింది అనుకూలం వైపే.

ప్లాంటు పని ఫిబ్రవరికి గానీ మొదలవదని కాంట్రాక్టరు చెప్పాడు. ఈలోగా అటక మీంచి సండర్లాండ్ అనే బ్రిటిష్ ఎగిరే పడవ కిట్ దింపాను. కాటలీనా కన్నా పెద్ద పొట్ట, రెండంతస్తులు, లోపల పింగాణీ ఫ్లష్ మరుగుదొడ్డి కూడా ఉండేది. ప్రస్తుతం ఆ దొడ్డి మీదే పనిచేస్తున్నాను. ఆచారం ప్రకారం సంక్రాంతికి నేనే కాకినాడ వెళ్లాలి. ఈసారి మీరే రండి అత్తయ్యగారూ అని ఫోన్ చేశాను. అల్లుడికి ఇన్నాళ్లకు మర్యాద తెలిసిందని ఆవిడ తెగ మురిసిపోయారట. తుడిచే గుడ్డ కూడా అదే తీసిపెట్టాను, ఉతక్కుండా.