రిపోర్టు అడుగున ఒక్క లైను

మెట్లెక్కితే గుండెల్లో బరువుగా ఉంటోందని మా పెదనాన్న అంటే, అమలాపురం నుంచి కాకినాడ తీసుకెళ్లి గుండె రక్తనాళాలు చూసే స్కాన్, సీటీ యాంజియోగ్రామ్ చేయించాం. బ్లాకులు లేవన్నారు. హమ్మయ్య అనుకుని బస్సెక్కాం. ఎదుర్లంక వంతెన మీదికి వచ్చేసరికి అన్నయ్య రిపోర్టు రెండో పేజీ తిప్పాడు. అడుగున ఒక లైను: కుడి ఊపిరితిత్తిలో 7 మిల్లీమీటర్ల నాడ్యూల్, అంటే చిన్న గడ్డ. ఫోన్లో వెతికితే ముందు కనబడింది క్యాన్సర్ అన్న మాటే. ఇల్లు చేరేదాకా ఎవరి నోటా మాట లేదు.

గుండెకు తీసే సీటీలో ఊపిరితిత్తులు కొంత, కాలేయం పైభాగం కొంత పడతాయి. కాబట్టి ఇలాంటివి బయటపడటం వింతేమీ కాదు. చిన్న నాడ్యూల్స్‌లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఎప్పుడో వచ్చి మానిన టీబీ మచ్చ కూడా ఇలాగే కనిపిస్తుంది. ఇలా ఛాతీలో కొంత భాగమే పడిన స్కాన్ల గురించి ఛాతీ స్కాన్ల నిపుణుల సంఘం ఫ్లైష్నర్ సొసైటీ 2017లో చెప్పిన లెక్క ఉంది. 6 మిల్లీమీటర్లలోపు అయితే మామూలుగా ఇంకే పరీక్షా అక్కర్లేదు. 6 నుంచి 8 మధ్య ఉంటే మనిషికున్న క్యాన్సర్ ముప్పును బట్టి 3 నుంచి 12 నెలల్లో ఛాతీ మొత్తానికి సీటీ. అంతకు మించితే వెంటనే.

ఆ ముప్పు తేల్చాలంటే మనిషిని అడగాలి. సిగరెట్ తాగుతారా అంటే మా లంకల్లో పెద్దవాళ్లు లేదనే అంటారు. అబద్ధం కాదు. ముప్పై ఏళ్లుగా కాలుస్తున్న లంక పొగాకు చుట్ట వాళ్ల దృష్టిలో సిగరెట్టు కాదు. చుట్ట అని పేరు పెట్టి అడగాలి. పాత స్కాన్ ఫిల్ములున్నాయా అనీ అడగాలి. గట్టి నాడ్యూల్ రెండేళ్లుగా పెరగకుండా ఉంటే సాధారణంగా భయం లేనట్టే. అటక మీద పడేసిన పాత సీటీ కవరుకు అంత విలువ ఉంది.

గుండెలోనే గడ్డ దొరికితే సంగతి వేరు. ఎక్కువగా ఎడమ పైగదిలో కనిపించే మిక్సోమా క్యాన్సర్ కాదు. అయినా దాని ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. అందుకే ఆపరేషన్ ఆలస్యం చేయరు.

ఏది ఆగొచ్చో, ఏది ఆగకూడదో ఇంట్లోవాళ్లకు ఎలా తెలుస్తుంది? లైను రాసిన రేడియాలజిస్టు, అంటే స్కాన్ చదివే డాక్టరు, మమ్మల్ని చూడలేదు. చూసిన గుండె డాక్టరు ఆ లైను గురించి చెప్పలేదు. సైజు ఎంత, మళ్లీ స్కాన్ ఎప్పుడు, ఎవరికి చూపించాలి అన్న మూడు ముక్కలూ తెలుగులో రాసిచ్చే బాధ్యత స్కాన్ చేయించమని రాసిన డాక్టరుదే అని నా గట్టి అభిప్రాయం.

పది రోజుల తర్వాత ఛాతీ డాక్టరు పెదనాన్నను చుట్ట గురించే అడిగి, మూడు నెలలకు సీటీ రాశారు. ఐదు నిమిషాలు పట్టింది. ఆ పది రాత్రులూ మా దొడ్డమ్మ కంటిమీద కునుకు లేదు.