తవ్వకం సగం, అచ్చు సగం

వచ్చే 2027 ఫిబ్రవరి 10కి బ్రిజెట్ ఆల్చిన్ పుట్టి నూరేళ్లు. 2017 జూన్‌లో కన్నుమూసిన ఈ బ్రిటిష్ పురావస్తు పరిశోధకురాలి పేరు విశాఖలో ఆ శాస్త్రం చదివినవారికి తప్ప అంతగా తెలియదు. ఆమెను తలచుకోవలసిన అవసరం మాత్రం ఈ నగరానికి చాలానే ఉంది.

రాతి పనిముట్లు ఆమె ప్రధాన విషయం. భూగోళ శాస్త్రజ్ఞుడు ఆండ్రూ గౌడీ, బరోడా పరిశోధకుడు కె.టి.ఎం. హెగ్డేతో కలిసి థార్ ఎడారి ఇసుక మేటల్ని పరిశీలించారు. మేట ఎప్పుడు కదిలింది, ఎప్పుడు నిలదొక్కుకుంది, అందులోకి రాతి పెచ్చు ఎలా చేరింది? భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర మనం అడగవలసినవీ ఇవే ప్రశ్నలు. అక్కడా ఆదిమానవుల పనిముట్లు దొరికాయి. మనం అడుగుతున్నది మాత్రం ఆ పక్కన సెంటు భూమి ఎంత పలుకుతుందని!

ఆమె భర్త రేమండ్ ఆల్చిన్‌కు తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. ఉమ్మడి పాలమూరు జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్‌ ఉట్నూరు వేరు) 1957లో ఆయన ఒక బూడిద దిబ్బను తవ్వారు. అలాంటి దిబ్బలను జనం రాక్షసులకు అంటగట్టేవారు, పండితులు తలోమాట చెప్పేవారు. పొరలు విప్పి చూస్తే పశువుల గిట్టల గుర్తులు, దడి కట్టేందుకు గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి అది. పేరుకున్న పేడను పదేపదే కాల్చగా మిగిలిందే ఆ బూడిద. తవ్విన నాలుగేళ్లకే, 1961లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నివేదికను హైదరాబాద్‌లో అచ్చువేసింది. మన ప్రభుత్వ శాఖే సుమా!

1985లో మొదలైన ‘సౌత్ ఏషియన్ స్టడీస్’ పత్రికకు బ్రిజెట్ తొలి సంపాదకురాలు. పరిశోధక పత్రిక నడపడం పేరు తెచ్చే పని కాదు. ఇతరుల వ్యాసాల్లో దిక్కు చూపని మ్యాపును, స్కేలు లేని ఫొటోను, ఆధారం లేని తేదీని పట్టుకుని వెనక్కి పంపాలి; మళ్లీ రాయించాలి. ఈ చాకిరీ ఎవరో ఒకరు చేయకపోతే తవ్విన విషయం తవ్వినవారి నోటుపుస్తకంలోనే ఉండిపోతుంది. తవ్వకమంటే పొరలను చెరిపేయడమే కనుక రెండోసారి చూద్దామన్నా అక్కడేమీ మిగలదు.

మన దగ్గర ఈ అలవాటు లేకపోలేదు. రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1920ల్లోనే పత్రిక తెచ్చింది. ‘భారతి’ మాసపత్రిక శాసనాల మీద వ్యాసాలను సాధారణ పాఠకుల ఇళ్లకు చేర్చింది. విశాఖ చుట్టూ విషయానికీ కొదవ లేదు. అనకాపల్లి దగ్గరి బౌద్ధ క్షేత్రం శంకరంలో బ్రిటిష్ పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ 1907-08లోనే తవ్వారు. భీమిలి దారిలోని బౌద్ధ ఆరామాలు బావికొండ, తొట్లకొండ 1980ల నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ చేతుల మీదుగా వెలుగు చూశాయి. 2019 అక్టోబరు వానలకు తొట్లకొండ మహాస్తూపం కొంత కూలింది. అలాంటప్పుడు మళ్లీ కట్టేవారికి దారి చూపేవి తవ్వకం నాటి కొలతలు, చిత్రాలే.

అందుకే మేము కోరుతున్నవి రెండే. తొట్లకొండ, బావికొండ తవ్వకాల నివేదికలు, ఫొటోలు, కొలతల చిత్రాలు పురావస్తు శాఖ ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టాలి. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం తన శతాబ్ది గుర్తుగా ఉత్తరాంధ్ర పురావస్తు పరిశోధనకు తెలుగులో ఒక పత్రిక ప్రారంభించి, దానికి పూర్తికాలపు సంపాదకుణ్ణి, ఏటా ఆగని నిధినీ ఇవ్వాలి. తొలి సంచికకు ఎర్రమట్టి దిబ్బల రాతి పనిముట్లే విషయం కావచ్చు.