సంతకం సర్కారుది, చాకిరీ జనానిది

అమెరికా రాష్ట్రమైన హవాయిలో ప్రభుత్వ బడుల్లో అక్కడి భాషా సంస్కృతులు నేర్పడానికి స్థానిక జనం, స్వచ్ఛంద సంస్థలు చేయి కలిపారన్న వార్త వచ్చినప్పుడల్లా అందరూ చప్పట్లు కొడతారు. కొట్టండి, వాళ్లు అందుకు అర్హులే. నా గొడవంతా వాళ్ల పక్కన నిలబడి ఫొటో దిగే ప్రభుత్వంతో.

1893లో హవాయి రాణిని గద్దె దింపారు. మూడేళ్లు తిరిగేసరికి, ఇంగ్లీషు మాధ్యమంలో చెప్పని బడికి గుర్తింపు ఉండదని చట్టం చేశారు. హవాయి భాషలో 1834 నుంచే పత్రికలు వచ్చేవి. జనం చదివేవారు, రాసేవారు, వాదించుకునేవారు. 1980ల మొదట్లో లెక్క చూస్తే, ఆ భాష మాట్లాడే పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు యాభై మంది కూడా లేరని అంచనా. గుర్తింపు అనే ఒక్క మాటతో ఎంత పని జరిగిపోయిందో చూడండి.

1978లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి హవాయి భాషను అధికార భాష చేశారు. బడుల్లో దాన్ని నేర్పాలని, అందుకు స్థానికుల అనుభవజ్ఞానాన్ని వాడుకోవాలని కూడా రాశారు. ఊరి పెద్దలు, అంటే కుపునాలు, తరగతి గదుల్లోకి వచ్చింది అలాగే. రాత బాగానే ఉంది. పాత మాధ్యమం చట్టాన్ని మాత్రం 1986 దాకా కదపలేదు! ఈలోగా 1984లో కొందరు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి కవాయి ద్వీపంలో హవాయి భాషలోనే నడిచే శిశుపాఠశాల తెరిచారు. ఆ చట్టాన్ని మార్చేదాకా శాసనసభను వదలనిదీ వాళ్లే.

1987లో కియౌకాహా, వైయావు అనే రెండు ప్రభుత్వ బడుల్లో హవాయి మాధ్యమం మొదలైంది. పుస్తకాలేవి? లేవు. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు తెచ్చి, కథను హవాయిలో రాసి, ఆ కాగితం ముక్కల్ని కత్తిరించి ఇంగ్లీషు వాక్యాల మీద అంటించారు. కత్తెరా జిగురూ పట్టుకుని కూర్చున్నవాళ్లలో తల్లిదండ్రులూ ఉన్నారు. ప్రభుత్వ బడికి పుస్తకాలు తయారు చేయడం తల్లిదండ్రుల పనా?

భాగస్వామ్యం విలువలేనిదని అనడం లేదు. ఓవాహు ద్వీపంలో హెఎఈయా చేపల చెరువు ఉంది. వందల ఏళ్ల నాటిది, 88 ఎకరాలు, చుట్టూ రాతి గోడ. గోడలోని తూములకు సన్నని సందులతో చట్రాలుంటాయి. సముద్రం పోటెత్తినప్పుడు చిన్న చేపలు సందుల్లోంచి లోపలికి వస్తాయి, నాచు తిని బలుస్తాయి, ఇక బయటికి పోలేవు. పిల్లలు అక్కడికొచ్చి రాళ్లు మోస్తారు, ఆక్రమించిన మడ చెట్లను నరుకుతారు, పోటూపాటుల పేర్లు నీళ్లలో నిలబడి నేర్చుకుంటారు. ఏ పాఠ్యపుస్తకమూ ఈ పని చేయలేదు. అయితే ఆ చెరువును చూసుకునేది ఒక స్వచ్ఛంద సంస్థ. విరాళం ఆగితే ఆ పాఠం గతేమిటి?

విదేశాల్లో మన పిల్లలకు వారాంతాల్లో తెలుగు నేర్పే వాలంటీర్లు గుర్తొస్తారు కదూ? వాళ్లంటే నాకూ గౌరవమే. కానీ మన తెలుగును కాలిఫోర్నియా ప్రభుత్వం లాక్కోలేదు. మనం మోసుకెళ్లాం, మనమే కాపాడుకుంటున్నాం. హవాయి భాషది సొంత గడ్డ. దాన్ని బడినుంచి గెంటింది చట్టం. గెంటిన చోటికి తిరిగి తెచ్చే ఖర్చు విరాళాల మీద నడవాలనడం అన్యాయం.

లనాయి ద్వీపంలో ఒక తల్లి తన పిల్లలకు హవాయి మాధ్యమం కావాలని కోర్టుకెక్కింది. టీచరు దొరకలేదన్నది విద్యాశాఖ వాదన. ఆ చదువు అందుబాటులోకి తేవడానికి సహేతుకమైన చర్యలన్నీ తీసుకోవడం రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వ బాధ్యతేనని 2019లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. 2020లో ఈ మాధ్యమం టీచర్లకు ఏడాదికి 8,000 డాలర్లు అదనంగా ఇవ్వడం మొదలైంది. తలుచుకుంటే డబ్బు దొరుకుతుందన్నమాట!

మరి కుపునాలకు ఉద్యోగ భద్రత ఎప్పుడు? చెరువు దగ్గరికి పిల్లలను తీసుకెళ్లే బస్సు ఖర్చు బడి బడ్జెట్లో ఎప్పుడు చేరుతుంది? హవాయిలో రాష్ట్రమంతటికీ ఒకటే విద్యాశాఖ. జిల్లా బోర్డు మీదికి నెట్టేసే వీలు కూడా లేదు. జవాబు చెప్పాల్సింది అదొక్కటే.