డేనా వాల్ష్‌కి పీఎఫ్ అకౌంట్ లేదా?

నా కొత్త కంపెనీ వాళ్ళు నా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మొదలెట్టి ఇవాల్టికి 41 రోజులు. కాస్త మనశ్శాంతి దొరుకుతుందని ఆదివారం మధ్యాహ్నం బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్లో కూర్చుని 24 సీరీస్ ఎనిమిదో సీజన్ మొదటి ఎపిసోడ్ పెట్టా. ఉన్న శాంతి కూడా పోయింది.

తెలియనోళ్ళ కోసం రెండు ముక్కలు. 2001 నవంబర్ 6న అమెరికాలో మొదలైన సీరీస్ ఇది. ఒక సీజన్ అంటే ఒక రోజు, ఒక ఎపిసోడ్ అంటే ఒక గంట, మూలన డిజిటల్ గడియారం టిక్కుటిక్కుమంటూ ఉంటుంది, జాక్ బావర్ అనే మహానుభావుడు ఆ గంటలో ఊరు మొత్తం తిరిగి దేశాన్ని కాపాడేస్తాడు. ట్రాఫిక్ జోకు నేను వెయ్యను, ఔటర్ రింగ్ రోడ్డు మీద బతికేవాడికి అది జోకు కాదు.

ఈ సీజన్ న్యూయార్క్‌లో. సాయంత్రం 4 గంటలకి గడియారం మొదలు. కామిస్తాన్ అనే దేశం ప్రెసిడెంట్ శాంతి ఒప్పందానికి ఐక్యరాజ్యసమితికి వచ్చుంటాడు, ఆ దేశం ఏ మ్యాపులోనూ ఉండదు, హసన్ అనే ఆ ప్రెసిడెంటు మాత్రం మన అనిల్ కపూర్. ఆయన మీద హత్యాయత్నం జరగబోతోందని ఒక ఇన్ఫార్మర్ దెబ్బలు తగిలించుకుని జాక్ ఇంటికొస్తాడు, జాక్ వాణ్ణి కాపాడి హెలికాప్టర్ దాకా చేరిస్తే హెలికాప్టర్నే పేల్చేస్తారు. బాగుంది, కాదన్లేదు. నా బాధ అక్కడ కాదు. నా బాధ డేనా వాల్ష్.

ఈ డేనా వాల్ష్ సీటీయూలో అనలిస్టు. సీటీయూ అంటే టెర్రరిస్టుల్ని పట్టుకునే ఆఫీసు, కుర్చీ దగ్గర్నుంచి శాటిలైట్ దాకా అన్నీ టాప్ సీక్రెట్. పాపం సీనియర్ క్లోయీ కొత్త సిస్టమ్ అలవాటుకాక తంటాలు పడుతుంటే ఈవిడ మాత్రం చకచకా లాగించేస్తుంటుంది. స్పాయిలర్ అంటారా, సీజన్ అయిపోయి పదిహేనేళ్ళు దాటింది, ఇంకా స్పాయిలర్ ఏంటండీ, చెప్పేస్తున్నా: ఆవిడ పేరు డేనా కాదు, వాల్షూ కాదు. అసలు పేరు జెన్నీ స్కాట్, వెనకాల పెద్ద నేరచరిత్ర. పాత బాయ్‌ఫ్రెండ్ కెవిన్ ఫోన్ చేసి బెదిరిస్తే డ్యూటీలో ఉండగానే వాడి దొంగతనానికి సాయం చేస్తుంది. చివరికి తేలేదేంటంటే, శత్రువుల మనిషి కూడా ఆవిడే.

దొంగ పేరు. దొంగ చరిత్ర. టాప్ సీక్రెట్ ఉద్యోగం.

నా పేరు మాత్రం ఇంటిపేరు ముందున్నందుకు ఆగిపోయింది.

మనోళ్ళకి ఈ కష్టం చెప్పక్కర్లేదు. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, పాన్ కార్డులో వెనకాల, పాస్‌పోర్టులో విడిగా, ఆధార్లో ఒక్క అక్షరం. ఈ నలుగురూ ఒకే మనిషని నిరూపించమని మొదటి వారంలోనే మెయిలొచ్చింది. స్టాంపు పేపర్ మీద అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించి పంపా. అఫిడవిట్లో నాన్న పేరు స్పెల్లింగ్ తేడా ఉందని ఇంకో మెయిల్. తర్వాత పీఎఫ్. మొదటి కంపెనీ వాళ్ళు పోర్టల్లో నేను మానేసిన తేదీ తప్పుగా ఎక్కించారంట, దాంతో 4 రోజులపాటు నేను ఒకేసారి రెండు కంపెనీల్లో పనిచేసినట్టు తేలింది. ఒక్క కంపెనీలో పనిచేయడానికే ప్రాణం పోతోంది బాబూ అంటే వినరు. పైగా రెజ్యూమేలో హైదరాబాద్ అని కనిపించిందా, అమీర్‌పేట మైత్రీవనం పక్కన మూడు నెలల కోర్సు చేసి నాలుగేళ్ళ ఎక్స్‌పీరియన్స్ కొనుక్కొచ్చాడేమోనని హెచ్ఆర్ కళ్ళలో ఒక వెలుగు. నేను చదివింది నిజంగానే కాలేజీలో తల్లీ.

అన్నిటికన్నా గొప్ప ఘట్టం అడ్రస్ వెరిఫికేషన్. ఒంగోలు పక్కన మా ఊరికి ఒక కుర్రాడు బండేసుకుని వెళ్ళాడు, చేతిలో నా ఫోటో, ఫోన్లో లొకేషన్ ఆన్. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు ఒలుచుకుంటోంది. వాడు నా పేరు సర్టిఫికెట్లో ఉన్నట్టు పూర్తిగా చదివాడు. ఊళ్ళో నన్ను చంటిగాడు అంటారు, ఆ పొడుగుపేరు పెట్టిన పంతులుగారు కూడా ఇప్పుడు లేరు. నాయనమ్మ వాణ్ణి పైకీ కిందకీ చూసి "అట్టాంటోడు ఈ ఇంట్లో ఎవుడూ లేడు" అంది. మర్చిపోయి కాదు. పోయినేడు ఎదురింటి అబ్బాయి లోన్ యాప్‌లో అప్పు తీసుకుంటే ఇలాగే బండి మీద ఫోటో పట్టుకుని వచ్చి గొడవ చేశారు, అప్పట్నుంచీ బండి, ఫోటో కలిసి కనిపిస్తే మా వీధికి ఎవరూ తెలీదు. వాడు పక్కింట్లో అడిగాడు, తెలీదు. బడ్డీకొట్లో అడిగాడు, తెలీదు. చివరికి మా సొంత బాబాయి కూడా "ఆ కుటుంబం ఊరొదిలి పోయి చాన్నాళ్ళయింది" అని చెప్పి పంపించాడు. పంచాయతీ ఎలక్షన్లలో కూడా మా వీధిలో అంత ఐకమత్యం నేను చూళ్ళేదు. రిపోర్టులో "అభ్యర్థి ఉనికి నిర్ధారణ కాలేదు" అని వచ్చింది. ఉనికి!

ఇప్పుడు చెప్పండి, నేను డేనా వాల్ష్‌ని ప్రశాంతంగా ఎలా చూడను?

ఈవిడ ఫైల్ మా వెరిఫికేషన్ వాళ్ళ చేతిలో పడుంటే ఏమయ్యేదో నాకు సీన్ బై సీన్ కళ్ళముందు కనపడుతోంది. గడియారంలో 4:07. సీటీయూలో అందరూ పరుగులు, ఎర్ర లైట్లు. డేనా డెస్క్ ఫోన్ మోగుతుంది. "హలో మేడమ్, వెరిఫికేషన్ టీమ్ నుంచి. మీ పీఎఫ్ హిస్టరీలో జెన్నీ స్కాట్ అని వస్తోంది మేడమ్, డిక్లరేషన్లో డేనా వాల్ష్ అనుంది, పెళ్ళయి ఇంటిపేరు మారిందా మేడమ్?" "నేను ఒక ఆపరేషన్లో ఉన్నాను." "ఓకే మేడమ్, మ్యారేజ్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయండి. పేరు కూడా మొత్తం మారింది కదా మేడమ్, దానికి గెజిట్ కావాలి." "ప్రెసిడెంట్ హసన్ ప్రాణాలు ప్రమాదంలో ఉన్నాయి!" "అర్థమైంది మేడమ్, ఆయన్ని రిఫరెన్స్ కింద ఇస్తున్నారా?" 4:19కి మళ్ళీ ఫోన్, రెండేళ్ళ గ్యాప్ ఎందుకుందని. 4:31కి ఇంకోటి, ఫైల్ సైజు రెండు ఎంబీ దాటింది, తగ్గించి పంపమని. 4:44కి డేనా తనే లేచి చేతులు ముందుకు చాపి "నన్ను అరెస్ట్ చేయండి, నేనే శత్రువుల మనిషిని, ఈ ఫోన్ మాత్రం ఆపండి" అంటుంది. సీజన్ అయిపోయింది. మిగతా 23 ఎపిసోడ్ల బడ్జెట్టు మిగిలింది.

నిజానికి సీజన్లో ఆవిడ గతం గురించి అడగడానికి ఒక్క మనిషి వస్తాడు. పెరోల్ ఆఫీసరు. కెవిన్ని వెతుక్కుంటూ వేరే రాష్ట్రం నుంచి సీటీయూ దాకా వచ్చి ఓపిగ్గా ప్రశ్నలు వేస్తాడు. అంత పెద్ద ఆఫీసులో తన పని తాను చేసిన ఏకైక ఉద్యోగి ఆయనే. ఆయన్ని డేనా చంపేసి ఆఫీసు గోడలోనే దాచేస్తుంది. టెర్రరిస్టుల మీద నిఘా పెట్టే భవనంలో, గోడలో శవం, ఎవడికీ తెలీదు. మా ఆఫీసులో రెండో ప్లేటు పెరుగన్నం తీసుకుంటే కెమెరాలో పట్టుకున్నారు.

ఇంకో ముక్క. అనిల్ కపూర్ హీరోగా చేసిన తొలి సినిమా మన తెలుగుదే, 1980లో బాపు గారు తీసిన వంశవృక్షం. వంశవృక్షంలో చేసొచ్చిన మనిషికైనా ఎదుటివాళ్ళ వంశవృక్షం అడగాలని తోచొద్దా? తోచలేదు, ప్రాణం మీదకి తెచ్చుకున్నాడు.

గడియారం గొడవ కూడా ఉంది. ఎపిసోడ్ గంట అంటారు, యాడ్లు తీసేస్తే 43 నిమిషాలు చిల్లర. మిగతా పదహారు, పదిహేడు నిమిషాలు ఏమయ్యాయి? యాడ్లలో పోయాయి. అంటే ఎపిసోడ్‌కి పావుగంట సీటీయూలో ఏం జరుగుతోందో మనకి చూపించరు. ఆ పావుగంటలో ఒకడు కూర్చుని డేనా పాత కంపెనీకి ఫోన్ చెయ్యలేడా? చెయ్యడు. టైమ్ లేదు. ఈ సీరీస్ మొత్తం నిలబడింది ఆ ఒక్క మాట మీద. వారెంటుకి టైమ్ లేదు, లాయరుకి టైమ్ లేదు, పై అధికారిని అడగడానికి టైమ్ లేదు, వేళ్ళు విరచడానికి మాత్రం ఎప్పుడూ టైమ్ ఉంటుంది.

నాతోపాటు మా పక్కఫ్లాట్ బాబాయి కూడా చూస్తున్నారు. గుంటూరాయన, రిటైరై కొడుకు దగ్గరకొచ్చారు, జాక్ బావర్ని "జాక్ బావ" అంటారు. రాబోయే ఎపిసోడ్లలో ఏం జరుగుతుందో కాస్త ముందే చెప్పమని అడిగారు, చెప్పా. జాక్ ఒకణ్ణి కట్టేసి హింసిస్తాడు, వాడు సిమ్ కార్డు మింగేశాడని పొట్ట కోసి తీస్తాడు. నేను మొహం పక్కకి తిప్పుకుని చెప్తున్నా. బాబాయి తొడ కొట్టి "అట్టా ఉండాలబ్బాయ్ పోలీసోడంటే! ఇట్టాంటోడు మన స్టేషన్‌కి ఒక్కడుంటే చాలు" అన్నారు.

అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది.

ఈ మాట బాబాయి ఒక్కరిదే అయితే వదిలేద్దును. 2006లో వెస్ట్ పాయింట్ (అమెరికా ఆర్మీ ఆఫీసర్లని తయారుచేసే కాలేజీ) డీన్, బ్రిగేడియర్ జనరల్ పాట్రిక్ ఫినెగన్, సొంతంగా కాలిఫోర్నియా వెళ్ళి ఈ సీరీస్ తీసేవాళ్ళని కలిసి మీ సీరీస్ చూసి మా పిల్లలు చెడిపోతున్నారు, ఈ టార్చర్ చూపించడం ఆపండి అని అడిగాడు. యుద్ధం చేసేవాడు వచ్చి అడిగాడండీ, సన్యాసి కాదు. ఏం మారింది? ఏడో సీజన్లో జాక్‌ని సెనేట్ విచారణలో కూర్చోబెట్టి, అదే సీజన్లో మళ్ళీ జాకే కరెక్టని చూపించారు.

మన సంగతి ఇంకా ఘనం. టార్చర్‌కి వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది, ఇవాల్టికీ ధ్రువీకరించలేదు. అంటే నా అఫిడవిట్ లాగే, సంతకం ఉంది, వెరిఫికేషన్ పెండింగ్. 2010 మే నెలలో లోక్‌సభ టార్చర్ నిరోధక బిల్లు పాస్ చేసింది, సరిగ్గా అదే నెల 24వ తేదీన ఈ ఎనిమిదో సీజన్ అయిపోయింది. సీజన్ జనాలకి గుర్తుంది, బిల్లు రాజ్యసభ దాటలేదు.

2020 జూన్లో ఇక్కడికి పక్క రాష్ట్రంలోనే, సాత్తాన్‌కుళంలో, లాక్‌డౌన్ టైమ్ దాటాక సెల్‌ఫోన్ షాపు తెరిచి ఉంచారని తండ్రీకొడుకుల్ని స్టేషన్‌కి తీసుకెళ్ళారు. కొట్టిన దెబ్బలకి ఇద్దరూ చచ్చిపోయారు. ఏ బాంబు పేలబోతోందని కొట్టారు? ఏ గడియారం తిరుగుతోంది అక్కడ? షాపు షట్టరు. అది వేసే టైమ్ కోసం ఇద్దరు మనుషులు.

సరే, అది తమిళనాడు అనుకుందాం. మన హైదరాబాద్ శివార్లలో 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున దిశ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని కాల్చేస్తే వంతెన మీద నిలబడి పోలీసుల మీద పూలు చల్లింది ఎవరు? మనమే. స్వీట్లు పంచుకుంది మనమే. మా ఆఫీసు తెలుగు వాట్సాప్ గ్రూపులో ఆరోజు పొద్దున్నే టపాసుల బొమ్మలు పెట్టినవాళ్ళలో, సిగ్గులేకుండా చెప్తున్నా, నేనూ ఉన్నా. ఆ నలుగురూ అప్పటికే కస్టడీలో ఉన్నారు. ఎక్కడికీ పోవట్లేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో, పోలీసులు కావాలనే చంపేందుకే కాల్చారనీ, ఆ నలుగుర్లో ముగ్గురు మైనర్లనీ తేల్చింది. నా 4 రోజుల పీఎఫ్ తేడాకి 41 రోజులుగా విచారణ చేస్తున్నారు, ఆ పిల్లల వయసు చూసుకోవడానికి మాత్రం టైమ్ లేదు. పూలు చల్లినవాడెవడూ మళ్ళీ వెళ్ళి ఆ పూలు ఏరుకురాలేదు. నేను పెట్టిన బొమ్మ ఇంకా ఆ గ్రూపులో అలాగే ఉంది, ఇప్పుడు తీసేద్దామంటే డిలీట్ చేసే గడువు దాటిపోయింది.

బాబాయితో అన్నా, "జాక్ బావ రేపు పొరపాట్న మిమ్మల్నే పట్టుకెళ్తే?" అని. "నన్నెందుకు పట్టుకెళ్తాడబ్బాయ్, నేనేం చేశా?" అన్నారు. చెయ్యలేదని ఎవరు చెప్తారు, అక్కడ అడగడానికి టైమ్ లేదు కదా అన్నా. బాబాయి కాసేపు ఆలోచించి, రెండో ఎపిసోడ్ పెట్టమన్నారు.

పెట్టా. గడియారం 5:00. రెండు నిమిషాలైనా అవలేదు, కాలింగ్ బెల్లు. తలుపు తీస్తే ఎవరో కుర్రాడు, చేతిలో హెల్మెట్టు, ఫోన్లో నా ఫోటో. ఆదివారం కూడా పనిచేస్తున్నారన్నమాట, ఇప్పుడుంటున్న అడ్రస్ వెరిఫికేషన్. నేను నోరు తెరిచేలోపు, అభ్యర్థి మాట్లాడకూడదు సార్, పక్కింటివాళ్ళే చెప్పాలి అని నా భుజం మీదుగా లోపలికి చూశాడు. "అంకుల్, ఈయన మీకు తెలుసా? ఎన్నాళ్ళుగా ఉంటున్నారు ఇక్కడ?"

బాబాయి టీవీ పాజ్ చేశారు. ఆ కుర్రాణ్ణి చూశారు, వాడి ఫోన్ చూశారు, తర్వాత నన్ను పైనుంచి కిందదాకా చూశారు.

"తెలుగబ్బాయంటగా, సీరియల్ చూట్టానికి వస్తుంటా" అన్నారు. "అంతకుమించి నాకేం తెలీదు బాబూ."