పీటర్ ఓబీ ఓటమి: మతమా, ఓట్ల లెక్కా?

నైజీరియాలో 2023 ఫిబ్రవరి 25న జరిగిన అధ్యక్ష ఎన్నికలో లేబర్ పార్టీ అభ్యర్థి పీటర్ ఓబీ మూడో స్థానంలో ఆగిపోయారు. అధికార ఏపీసీ అభ్యర్థి బోలా టినుబుకు 87,94,726 ఓట్లు పడ్డాయి, ప్రతిపక్షం పీడీపీ తరఫున నిలబడ్డ అతీకు అబూబకర్‌కు 69,84,520, ఓబీకి 61,01,533. ఉత్తరాన ముస్లింలు, దక్షిణాన క్రైస్తవులు ఎక్కువగా ఉన్న దేశం అది. 1991, 2006 జనాభా లెక్కల్లో మతం ఏమిటని అడగనే లేదు. టినుబు, అతీకు ఇద్దరూ ముస్లింలు. ఓబీ ఆగ్నేయ ప్రాంతపు ఇగ్బో జాతివాడు, క్యాథలిక్. ఆయన్ను ఓడించింది మతమా, ఆయన ప్రచారమా? ఉత్తరాది కానోలో మందుల హోల్‌సేల్ కొట్లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన మామయ్యదొక మాట, దక్షిణాది లాగోస్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న మేనల్లుడిదొక మాట.

మేనల్లుడు: మామయ్యా, దాన్ని ఓటమి అనడానికి నాకు మనసొప్పడం లేదు. ఒక్క గవర్నరు కూడా లేని పార్టీ అది. ఓబీ అందులో చేరిందే 2022 మేలో. ఏడాది తిరక్కుండానే పదకొండు రాష్ట్రాలు, పైగా రాజధాని అబుజా గెలిచాడు. టినుబు సొంత కోట లాగోస్‌లోనే ఆయనకు 5,72,606 వస్తే, ఓబీకి 5,82,454 వచ్చాయి.

మామయ్య: లాగోస్ లెక్క బాగానే చెప్పావు. కానో లెక్క కూడా చెప్పు. నువ్వు చెప్పవులే, నేనే చెప్తాను. ఓబీకి 28,513. అక్కడి మాజీ గవర్నరు, నాలుగో అభ్యర్థి క్వాంక్వాసోకు పది లక్షలకు కాస్త తక్కువ. అదే ఉత్తరాన కట్సినాలో ఓబీకి 6,376. జంఫారాలో, రాష్ట్రం మొత్తం మీద, 1,660! కానో సబోన్ గరి మార్కెట్లో దుకాణాలే అంతకంటే ఎక్కువుంటాయిరా.

మేనల్లుడు: ఓబీ సొంత రాష్ట్రం అనంబ్రాలో టినుబుకు ఎన్ని పడ్డాయో తెలుసా? 5,111. మరి ఆయన్నెవరూ ఒక మతం మనిషి అనరే? ఆ ముద్ర ఓబీ ఒక్కడికేనా?

మామయ్య: అనంబ్రా లేకుండా కూడా గెలిచే లెక్క టినుబు దగ్గరుంది, అదీ తేడా. అందరికంటే ఎక్కువ ఓట్లొస్తే చాలదు అక్కడ. మూడింట రెండొంతుల రాష్ట్రాల్లో, అంటే 36లో 24 చోట్ల, కనీసం పాతిక శాతం రావాలి. ఒక ప్రాంతం, ఒక మతం వాళ్లే అందరి నెత్తినా కూర్చోకూడదని పెట్టుకున్న నిబంధన. టినుబు 29 రాష్ట్రాల్లో ఆ గీత దాటాడు. ఓబీ 24 దరిదాపులకు కూడా రాలేదు. మిగతా ఇద్దరూ పోటీలో లేకపోయినా ఆయన ఆ గీత దగ్గరే ఆగిపోయేవాడేమో ఆలోచించు.

మేనల్లుడు: అసలు మతాన్ని తెచ్చి ఎన్నికలో పెట్టిందెవరు? ముస్లిం అయిన టినుబు, ఉపాధ్యక్ష పదవికి మరో ముస్లిం కాషిమ్ షెట్టిమాను ఎంచుకున్నాడు. 1993లో అధ్యక్ష అభ్యర్థి అబియోలా తర్వాత అలాంటి జోడీతో ప్రధాన పార్టీ ఏదీ వెళ్లలేదు. క్రైస్తవ సంఘాలు నెత్తీనోరూ బాదుకున్నాయి. షెట్టిమాను పరిచయం చేసే సభ గుర్తుందా? ఒంటికి సరిగా పట్టని అంగీలు తొడుక్కుని కొందరు బిషప్పులమంటూ వచ్చి కూర్చున్నారు. ఎవరీ బిషప్పులని దేశమంతా అడిగింది. మావాళ్లు కాదని క్రైస్తవ సంఘం చెప్పాల్సి వచ్చింది. ఓబీ అలా చేయలేదు. కడునాకు చెందిన ముస్లిం, దత్తి బాబా-అహ్మద్‌ను పక్కన పెట్టుకున్నాడు.

మామయ్య: పెట్టుకున్నాడు, కాదనను. కానీ దత్తి సొంత కడునాలో కూడా వాళ్లది మూడో స్థానమే. వచ్చిన 2,94,494లో కూడా క్రైస్తవులు ఎక్కువున్న దక్షిణ కడునా వాటా ఎంతో నీకు తెలియనిది కాదు. షెట్టిమా ఉత్తరాది బోర్నో రాష్ట్రాన్ని ఎనిమిదేళ్లు పాలించినవాడు, వెనకాల గవర్నర్ల దండు ఉంది. ఇంకో సంగతి. టినుబు భార్య ఒలురెమి రిడీమ్డ్ చర్చిలో పాస్టరు. టినుబు జాతివాళ్లు, అంటే నైరుతి యొరూబాల ఇళ్లలో ఒకే కప్పు కింద మసీదుకెళ్లేవాళ్లూ చర్చికెళ్లేవాళ్లూ ఉంటారు. మతం ఒక్కటే ఓటు వేయించే దేశమైతే ఆ ఇళ్లు ఎటు పోతాయి? ఓబీ మాత్రం పెద్ద పెద్ద చర్చి సభల వేదికల మీద పదేపదే కనపడ్డాడు. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు, అది కట్సినాలో ఎలా కనపడుతుందో తెలుసు.

మేనల్లుడు: చర్చిలో కనపడటం చూశారు, లాగోస్‌లోని లెక్కి టోల్‌గేట్ చూడలేదు మీరు. 2020 అక్టోబరులో పోలీసుల దౌర్జన్యం మీద తిరగబడ్డ పిల్లలు వీళ్లు. అక్కడ సైన్యం కాల్పులు జరిపాక రెండేళ్లు ఆ కోపం దాచుకున్నారు. ఓబీ పేరు కలిపి ఓబీడియంట్లమని వాళ్లకు వాళ్లే పేరు పెట్టుకున్నారు. 'షిషీ ఇవ్వం', అంటే పైసా పంచం అన్నది వాళ్ల నినాదం. ఓట్లు కొనడం మామూలైపోయిన చోట ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! పోలింగ్ రోజు లాగోస్‌లో చీకటి పడ్డాక సెల్‌ఫోన్ లైట్ల వెలుగులో లెక్కింపు. అధికారి ఒక్కో కాగితం పైకెత్తి చూపిస్తుంటే నిలబడ్డవాళ్లంతా గొంతు కలిపి లెక్కపెట్టారు. లేబర్ పార్టీ గుర్తులో నాన్న, అమ్మ, బిడ్డ ఉంటారు కదా, 'పాపా, మామా, పికిన్' అని పిల్లలు కూడా అరుస్తున్నారు. అందులో మతం ఎక్కడుంది మామయ్యా?

మామయ్య: ఆ పిల్లల్ని నేనొక్క మాట అనను. కానీ ఇల్లలకగానే పండగ కాదురా. 1,76,846 పోలింగ్ కేంద్రాలు. వాటన్నిటికీ ఏజెంట్లను ఇచ్చుకోలేకపోయింది లేబర్ పార్టీ. ఏజెంటు లేని చోట ఫలితం ఫారం మీద ఏం రాశారో ఎవరు చూడాలి?

మేనల్లుడు: అందుకే కదా ఐరెవ్ అనే పోర్టల్ పెట్టింది! ప్రతి కేంద్రం ఫారాన్నీ ఫొటో తీసి అందులో పెడతామని ఎన్నికల సంఘం మాటిచ్చింది. అధ్యక్ష ఎన్నిక ఫలితాల దగ్గరికి వచ్చేసరికి సాంకేతిక లోపమన్నారు. బీబీసీ విలేకరులు రివర్స్ రాష్ట్రంలోని ఫారాల ఫొటోలు కూడి చూస్తే, ప్రకటించిన అంకెలతో పొసగలేదు.

మామయ్య: ఆ విషయంలో నేను నీ పక్షమే. మాటిచ్చి తప్పడం అన్యాయం, ఆ మచ్చ పోదు. అయినా సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 26న ఓబీ అప్పీలును కొట్టేసింది. కోర్టు సంగతి పక్కన పెట్టు. రివర్స్‌లో అంకెలు మార్చారనే అనుకుందాం. జంఫారాలో 1,660ని ఏ పోర్టల్ బాగుచేస్తుంది?

మేనల్లుడు: కోర్టు సంగతి ఆయన అంత తేలిగ్గా పక్కన పెట్టడు. 2003 గవర్నరు ఎన్నికలో తనకు దక్కాల్సిన అనంబ్రాను మూడేళ్లు కోర్టుల్లో పోరాడి 2006లో తెచ్చుకున్న మనిషి. అయినా ఓట్లు చీల్చిందెవరు? ఎనిమిదేళ్లు ఏపీసీకి చెందిన ఉత్తరాది ముస్లిం బుహారీ అధ్యక్షుడిగా పాలించాక పీడీపీ మళ్లీ ఉత్తరాది అతీకునే నిలబెట్టింది. 1970లో అంతర్యుద్ధం ముగిసిన దగ్గర్నుంచి ఒక్క ఇగ్బో కూడా ఆ కుర్చీ ఎక్కలేదు. మా వంతు ఎప్పుడని అడగడం మతమా?

మామయ్య: కాదు. న్యాయమైన బాధే అది. అయితే అతీకు ఓట్లూ ఓబీ ఓట్లూ కలిపితే కోటీ ముప్పై లక్షలు, టినుబుకు 88 లక్షలు. విడిపోయినందుకు ఇద్దరూ మునిగారు. ఇదే బుహారీని చూడు. 2003, 2007, 2011, మూడుసార్లు ఓడాడు. 2011లో పాస్టర్ టుండె బకారేను పక్కన పెట్టుకున్నా కోటీ 22 లక్షల దగ్గర ఆగిపోయాడు. ఫలితం వచ్చాక ఉత్తరాదిలో అల్లర్లు, 800 మందికి పైగా చనిపోయారు. పాస్టరు పక్కనున్నంత మాత్రాన దక్షిణాది నమ్మలేదు. 2013లో ప్రతిపక్షాలు కలిసి ఏపీసీ అయ్యాయి, టినుబు యంత్రాంగం ఆయన వెనక నిలిచింది, అప్పుడు 2015లో గెలిచాడు. కలపడమే పని. ఓబీ చేయనిది అదే.

మేనల్లుడు: అంటే మళ్లీ ఎవరో ఉత్తరాది పెద్దాయన వెనక ఉపాధ్యక్షుడిగా నిలబడమంటారా? 2019లో అతీకు వెనక నిలబడ్డాడుగా, ఏమైంది? ఈసారి అలా చేస్తే ఆ పిల్లలు పోలింగ్‌కే రారు. ఓటర్ల జాబితాలో 9.3 కోట్ల మంది ఉంటే, ఓటేసింది రెండున్నర కోట్లు. ఉన్నవాళ్లు కూడా ఇంట్లో కూర్చుంటారు.

మామయ్య: అధ్యక్ష అభ్యర్థిగానే నిలబడమను. నా అభ్యంతరం దాని మీద కాదు.

మేనల్లుడు: ప్లాటూలో 4,66,272 ఓట్లొచ్చాయి. నసరావా గెలిచాడు. మ్యాప్‌లో అవి ఉత్తరమే కదా. ప్లాటూలో క్రైస్తవులే ఎక్కువంటారేమో, నసరావాలో ముస్లింలు తక్కువేం కాదు.

మామయ్య: అయితే నసరావా నుంచే మొదలుపెట్టమను. ఎన్నికకు ముందు ఏడాది కాదు, ఇప్పుడే. ఆదివారం కాదు, శుక్రవారం వెళ్లమను.

మేనల్లుడు: వెళ్తే మీ కానోవాళ్లు ఓటేస్తారా?

మామయ్య: మొదటిసారి వెయ్యరు. మీ లాగోస్ బుహారీకి పడింది నాలుగోసారికి.