రంగు చూసి స్విచ్ కొనాలంట!

మెకానికల్ కీబోర్డ్‌లో ఒక్కో కీ కింద ఉండే స్విచ్‌లకి రంగుల పేర్లు పెట్టిన మహానుభావుడెవరో గానీ దండం పెట్టాలి. చెర్రీ కంపెనీ రెడ్ అంటే మెత్తగా జారేది, బ్రౌన్ అంటే మధ్యలో చిన్న గతుకు తగిలేది, బ్లూ అంటే టకటకలాడేది, సరే ఇంతవరకు బానే ఉంది. మరి వైట్? గేటరాన్ కంపెనీ వైట్ క్లిక్ లేకుండా జారుద్ది, కైల్ కంపెనీ బాక్స్ వైట్ కొంటే ఇల్లంతా క్లిక్కులే! ఇదంతా ఎవడు గుర్తుపెట్టుకోవాలి?

షాపులో అడిగితే "గేమింగ్‌కి సూపర్ సార్" అంటాడు. బాబూ, నేను ఆడను, రోజంతా టైప్ చేస్తా! ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డ్ లేఔట్‌లో ఒక్క "స్త్రీ" రావాలంటే ఆరు కీలు నొక్కాలి, నొక్కడానికి 60 గ్రాముల బలం కావాల్సిన బ్లాక్ స్విచ్ మీద సాయంత్రం దాకా అలా కొడితే వేళ్ళేమైపోవాలి? 45 గ్రాముల రెడ్‌కీ దానికీ తేడా చేతికి తెలుస్తుంది కదా. ఆ గ్రాములు మాత్రం డబ్బా మీద వెతికినా కనపడవు, లైట్లు ఎన్ని రంగుల్లో వెలుగుతాయో పెద్ద అక్షరాల్లో ఉంటది. అన్నం ఉడికిందా అంటే విస్తరి ఎంత పచ్చగా ఉందో చెప్పినట్టు.

రివ్యూలు ఇంకా దారుణం. "థాక్" సౌండంట, "క్రీమీ" సౌండంట. వేలికి ఎలా ఉందో చెప్పండయ్యా!

పోనీ ఓసారి నొక్కి చూద్దామంటే డబ్బా విప్పనివ్వరు. "హాట్‌స్వాప్ సార్, సోల్డరింగ్ లేకుండానే స్విచ్‌లు ఊడొస్తాయి, నచ్చకపోతే మార్చుకోండి" అని ఉచిత సలహా ఒకటి. 87 స్విచ్‌లు ఒక్కోటీ పుల్లర్‌తో పీకి, ఆ సన్నటి రాగి పిన్నులు వంగకుండా మళ్ళీ గుచ్చాలి, ఒక్కటి మడతపడిందా ఆ అక్షరం పడదు. పైగా బోర్డులో 3 పిన్నులకే రంధ్రాలుంటే 5 పిన్ స్విచ్‌కున్న అదనపు ప్లాస్టిక్ కాళ్ళు కట్టర్‌తో కోసుకోవాలంట. డబ్బులిచ్చి కొన్నాక కోసుకోడం కూడా మా పనేనా?